తెరమీది తుపాకీ, ఓర్వకల్లు లారీ

2025 అక్టోబరు 17న ఛత్తీస్‌గఢ్‌లోని జగదల్‌పూర్‌లో 210 మంది మావోయిస్టులు లొంగిపోయారు. వాళ్లతోపాటు 153 ఆయుధాలూ వచ్చాయి. ఏకే-47లు 19, ఎస్‌ఎల్‌ఆర్‌లు 17, ఇన్సాస్‌లు 23, త్రీనాట్‌త్రీలు 36, బీజీఎల్ అని పిలిచే గ్రెనేడ్ లాంచర్లు 11. రాయ్‌పూర్‌లో పేపరు చదివే పెద్దవాళ్లకు ఆ జాబితాలో ఒక్కో పేరు వెనకా ఒక్కో దుర్వార్త ఉంటుంది. అదే ఇంట్లో సోఫా మీద కాళ్లు ముడుచుకుని బీజీఎంఐ అనే తుపాకుల ఆట ఆడుకునే పిల్లాడికి మాత్రం వాటిలో కొన్ని ఆటవస్తువులు. ఏకే బాగా తన్నుతుందని, ఎస్‌ఎల్‌ఆర్‌తో దూరం కొట్టొచ్చని గడగడా చెప్తాడు. తను చెప్పేది మూడు వందల కిలోమీటర్ల అవతల దొరికిన సరుకు గురించేనని వాడికి తట్టదు.

2020 సెప్టెంబరు 2న కేంద్రం 118 యాప్‌లను నిషేధించినప్పుడు పబ్జీ పోయింది. మరుసటి ఏడాది జులైలో బీజీఎంఐ పేరుతో తిరిగొచ్చింది. నిషేధం వచ్చినా పోయినా పిల్లల నోట తుపాకుల పేర్లు చెరగలేదు. ఈ ఆటలు చూసే పెద్దలకు ఒక భయం ఉంటుంది: తెరమీద ఉన్నది ఎప్పుడో ఒకప్పుడు చేతిలోకి వస్తుందేమో అని. ఆటలో కల్పించిన ఆయుధాన్ని పనిచేసే ఆయుధంగా మార్చాలని చూసినవాళ్లు నిజంగానే ఉన్నారు. వాళ్ల చరిత్ర తిరగేస్తే మాత్రం ఆ దారిలో రాకపోకలు ఎక్కువగా తెరమీంచి లోకంలోకి కాదు, లోకంలోంచి తెరమీదికి.

1993లో వచ్చిన ‘డూమ్’ ఆటనే చూడండి. తుపాకీ పట్టుకున్నవాడి కళ్లతో లోకాన్ని చూపించే ఆటలకు అది పెద్దన్న. అందులో దెయ్యాలను కాల్చే తుపాకులు టెక్సస్‌లోని ఐడీ సాఫ్ట్‌వేర్ ఆఫీసులో బొమ్మల రూపంలో ఉండేవి. పిల్లల బొమ్మల దుకాణంలో ప్లాస్టిక్ తుపాకులు కొనుక్కొచ్చి, వీడియో కెమెరాతో తీసి, ఆ చిత్రాలను ఆటలోకి ఎక్కించారు. తెరమీద కనబడే చేతులు కెవిన్ క్లౌడ్ అనే చిత్రకారుడివి. అందులో నిజమైన పనిముట్టు చెట్లు కోసే రంపం ఒక్కటే. దాన్ని ఒకరి దగ్గర అరువు తెచ్చుకున్నారు. అసలు తుపాకీకి నకలుగా బొమ్మ, బొమ్మకు నకలుగా తెరమీది చిత్రం. ముప్పై ఏళ్లుగా ఆ చిత్రాన్ని చూసి ఇనుముతో మళ్లీ చేద్దామనుకునేవాడు నకలుకు నకలును పట్టుకుని మూలం వైపు నడుస్తున్నాడన్నమాట.

బొమ్మల కాలం పోయాక తుపాకీ కంపెనీలే తలుపు తట్టాయి. అప్పట్లో కొలరాడోలో ఉన్న మాగ్‌పుల్ అనే సంస్థ 2007లో మసాడా అనే కొత్త రైఫిల్ నమూనా చూపించింది. మరుసటి ఏడాది ఆ హక్కులు బుష్‌మాస్టర్ చేతికి వెళ్లాయి, పేరు ఏసీఆర్‌గా మారింది. మామూలు కొనుగోలుదారులకు అది 2010లో గానీ అందలేదు. కానీ 2009 నవంబరులో వచ్చిన ‘కాల్ ఆఫ్ డ్యూటీ: మోడ్రన్ వార్‌ఫేర్ 2’ ఆటలో లక్షల మంది అప్పటికే దాన్ని పేల్చేశారు. దుకాణానికి చేరకముందే తెరమీద పేరు తెచ్చుకున్న తుపాకీ అది. అసలు సరుకు సంగతి చూస్తే, 2010 అక్టోబరులోనే కంపెనీ వాటిని వెనక్కి రప్పించుకోవాల్సి వచ్చింది. ట్రిగ్గర్ ఒక్కసారి నొక్కితే ఒకటికి మించి తూటాలు పేలే లోపం బయటపడింది. తెరమీద మాత్రం అది ఏనాడూ మొరాయించలేదు.

ఈ బేరసారాల్లో మరో చమత్కారం పేర్లది. తుపాకీ రూపానికీ పేరుకూ హక్కుదార్లుంటారు కాబట్టి, డబ్బు కట్టడం ఇష్టంలేని ఆటల కంపెనీలు పేర్లు మార్చేవి. 1997 నాటి ‘గోల్డెన్ ఐ’లో స్కార్పియన్ అనే చెక్ తుపాకీ క్లాబ్ అయింది. అప్పట్లో నింటెండోలో పనిచేసిన కెన్ లాబ్ పేరును కాస్త తిప్పి పెట్టారు. 2013లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ ఇక తుపాకీ కంపెనీలతో ఒప్పందాలే చేసుకోబోమని, అయినా అసలు పేర్లు వాడుకుంటూనే ఉంటామని ప్రకటించింది. నవలాకారుడు తన కథలో తుపాకీ పేరు రాయడానికి ఎవరి అనుమతి అడుగుతాడన్నది వాళ్ల వాదన. నాకైతే అందులో తప్పేమీ కనబడదు. తన సరుకుకు ఇంత ప్రచారం ఉచితంగా దొరికినందుకు తుపాకీ కంపెనీయే దండం పెట్టాలి.

రూపం వచ్చినంత సులువుగా పనితనం రాదు. పాత ‘కౌంటర్ స్ట్రైక్’లో కొన్ని తుపాకులు పేలినప్పుడు ఖాళీ తొడుగు ఎడమవైపుకు ఎగిరేది. మొదట ఎడమచేతి వాటంగా చేసిన చిత్రాలను తర్వాత అద్దంలో తిప్పినట్టు తిప్పారు. ఇలాంటి తుపాకీని ఉన్నదున్నట్టు ఎవరైనా చేయిస్తే అసలు రైఫిల్‌కు కుడివైపు ఉండాల్సిన కిటికీ కాల్చేవాడి మొహం వైపు వస్తుంది. అది చిన్న విషయం. పెద్ద విషయం ఒత్తిడి. తూటా పేలిన క్షణంలో గొట్టం లోపల పుట్టే ఒత్తిడిని భరించడానికే తుపాకీలోని ప్రతి భాగమూ ఆ మందంలో, ఆ లోహంతో, ఆ బరువుతో ఉంటుంది. దాని ఆకారాన్ని తీర్చేది ఆ ఒత్తిడే. చిత్రకారుడికి ఆ ఇబ్బంది లేదు. అతను గొట్టాన్ని కొడవలిలా వంచగలడు, మందుగుండు ఉండాల్సిన చోట నీలి దీపం పెట్టగలడు.

అయినా పట్టుబట్టినవాళ్లున్నారు. 1998 నాటి ‘ఫాలౌట్ 2’లో గాస్ రైఫిల్ అని ఒకటుంది. మందుగుండు లేకుండా విద్యుత్ తీగచుట్టల అయస్కాంత బలంతో ఇనుప ముక్కను విసురుతుంది. ఆటలో అది అత్యంత శక్తిమంతమైన తుపాకుల్లో ఒకటి. 2021లో కాలిఫోర్నియాలోని ఆర్క్‌ఫ్లాష్ ల్యాబ్స్ సరిగ్గా ఆ సూత్రంతోనే పనిచేసే తుపాకీని జీఆర్-1 ఆన్విల్ పేరుతో అమ్మకానికి పెట్టింది. ధర మూడు వేల డాలర్ల పైమాటే. బరువు సుమారు 9 కిలోలు. ఇంతా చేసి దాని దెబ్బ దాదాపు 100 జౌళ్లు. కుందేళ్లను కొట్టే మామూలు పాయింట్ టూటూ రైఫిల్ దెబ్బ అంతకంటే ఎక్కువ. ఊహలో ఉన్నప్పుడు కొండను పిండిచేసినది చేతికి వచ్చేసరికి కుందేలు తుపాకీతో కూడా పోటీపడలేకపోయింది.

ఈ అయస్కాంత తుపాకీ ఆలోచన ఆటలకంటే చాలా పాతది. నార్వే శాస్త్రవేత్త క్రిస్టియన్ బిర్కెలాండ్ గత శతాబ్దం మొదట్లోనే దానికి పేటెంట్ తీసుకున్నాడు. 1903లో విశ్వవిద్యాలయం హాల్లో పెద్దమనుషులను కూర్చోబెట్టి మీట నొక్కాడు. లోపల షార్ట్ సర్క్యూటై కళ్లు చెదిరే మెరుపుతో పెళపెళలాడింది, సభ హడలిపోయింది. దానికోసం పెట్టిన ఫిరంగి కంపెనీ ఆశలు అక్కడితో సరి. కానీ ఆ మెరుపు బిర్కెలాండ్ బుర్రలో ఉండిపోయింది. అలాంటి విద్యుత్ మంటలో గాలిని కాల్చి నత్రజనిని పట్టే పద్ధతిని సామ్ ఐడ్ అనే ఇంజినీరుతో కలిసి రూపొందించాడు. దాని మీద 1905లో నార్స్క్ హైడ్రో పుట్టింది, ఎరువులు తయారుచేసింది. పేలని ఫిరంగి పొలాలకు పనికొచ్చింది. ఆయుధాల చరిత్రలో నాకు బాగా నచ్చిన వైఫల్యం ఇదే.

ఇదే కుటుంబంలో పట్టాల మీద ఇనుప గుండును దూకించే రైల్‌గన్ ‘క్వేక్ 2’ ఆటలో 1997లోనే పిల్లల చేతికి వచ్చింది. అమెరికా నౌకాదళం 2010 డిసెంబరు 10న వర్జీనియాలోని డాల్‌గ్రెన్‌లో 33 మెగాజౌళ్ల శక్తితో అసలుదాన్ని పేల్చింది. ఆటలో అది భుజాన వేసుకునే తుపాకీ. డాల్‌గ్రెన్‌లో అది నేలకు బిగించిన యంత్రం, పక్కన విద్యుత్తును కూడబెట్టే కెపాసిటర్ల గది. ప్రతి పేలుడుకూ పట్టాలు అరిగిపోయేవి. 2021లో ఆ పథకాన్ని ఆపేశారు. జపాన్ 2023లో ఓడ మీంచి ఒకటి పేల్చి చూసింది.

ఇవన్నీ ప్రయోగశాలల కథలు. ఇంట్లో కూర్చుని తుపాకీ చేద్దామన్నవాడి కథ వేరు. 2013 మే నెలలో టెక్సస్ న్యాయవిద్యార్థి కోడీ విల్సన్ త్రీడీ ప్రింటర్‌తో చేసిన లిబరేటర్ అనే ప్లాస్టిక్ పిస్టల్‌ను పేల్చి చూపించాడు. పేరు కూడా అరువే. 1942లో జనరల్ మోటార్స్ విభాగం ఒకటి శత్రు ఆక్రమిత దేశాల్లో పంచడానికి పది లక్షల చవక పిస్టళ్లు చేసింది, వాటి పేరది. రెండు రోజుల్లో లక్ష డౌన్‌లోడ్లయ్యాక విల్సన్ ఫైళ్లను అమెరికా విదేశాంగ శాఖ తీయించింది. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ పోలీసులు అలాంటివి రెండు ముద్రించి పరీక్షిస్తే ఒకటి ముక్కలైంది. జపాన్‌లో యోషితోమో ఇమురా అనే వ్యక్తికి ఇలా తుపాకులు ముద్రించినందుకు 2014లో రెండేళ్ల జైలుశిక్ష పడింది.

మన దేశంలో ఈ ఊహకు చట్టం ముందే గొళ్లెం పెట్టింది. కంప్యూటర్ ఆట అనేది లోకంలో ఇంకా సరిగా పుట్టని రోజుల్లోనే, 1959 ఆయుధాల చట్టం ఆరో సెక్షన్ రాసింది: నకలు తుపాకీని లైసెన్సు లేకుండా అసలు తుపాకీగా మార్చకూడదు. 2019 సవరణ తర్వాత ఆ నేరానికి శిక్ష ఏడేళ్ల నుంచి యావజ్జీవం దాకా. సరదాకు చేశాననే మాట అక్కడ చెల్లదు.

ఈ చట్టానికి తాత 1878 నాటిది. వైస్రాయ్ లిట్టన్ కాలంలో వచ్చింది. దాని వెనకున్న భయం ఎక్కడిదో తెలియాలంటే రాయ్‌పూర్‌లోనే రెండు తేదీలు చాలు. కరువులో ధాన్యం కొట్టు తెరిపించి జనానికి పంచిన సోనాఖాన్ జమీందారు నారాయణ్ సింగ్‌ను 1857 డిసెంబరు 10న ఉరితీశారు. ఈనాటి జయస్తంభ్ చౌక్ ఆ చోటేనని చెప్తారు. నవా రాయ్‌పూర్ క్రికెట్ స్టేడియానికి ఉన్నది ఆయన పేరే. నలభై రోజులు కూడా గడవకుండా, 1858 జనవరి 18 రాత్రి, మూడో రెజిమెంటులో మ్యాగజైన్ లష్కర్‌గా ఉన్న హనుమాన్ సింగ్ సార్జెంట్ మేజర్ సిడ్‌వెల్‌ను అతని ఇంట్లోనే చంపాడు. మ్యాగజైన్ లష్కరంటే మందుగుండు కొట్టంలో పనిచేసేవాడు. తూటాలు ఎక్కడున్నాయో, తాళం ఎవరి దగ్గరుందో అందరికంటే ముందు తెలిసినవాడు. అయినా మిగతా పటాలం కలిసిరాక ఆ తిరుగుబాటు ఆ రాత్రి దాటలేదు. 22న పదిహేడు మందిని బహిరంగంగా ఉరితీశారు. వాళ్లలో ఫిరంగి పేల్చే గోలందాజులు ఉన్నారు. హనుమాన్ సింగ్ మాత్రం దొరకలేదు.

అలాంటి రాత్రుల తర్వాతే తుపాకీ ఎవరి దగ్గర ఉండాలి, ఎవరు చెయ్యాలి అన్నది తెల్లదొరల కాయితం మీదికెక్కింది. ఊళ్లల్లో తుపాకులు చేసుకుని బతికే కమ్మరి పనితనం లైసెన్సు లేకపోతే నేరమైంది. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో భర్మార్ అంటారు, మనం నాటు తుపాకీ అంటాం. గొట్టం మూతిలోంచి మందు కూరే ఆ పాతకాలపు తుపాకీ అడవి అంచు గ్రామాల్లో అప్పటినుంచీ చాటుమాటుగా బతుకుతూనే ఉంది. మన్యంలో అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టులో చేసింది తుపాకులు తయారుచెయ్యడం కాదు. చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా పడి ఉన్నవాటిని పట్టుకెళ్లడం. ఆయుధం చెయ్యడం ఎంత కష్టమో తెలిసినవాడికే ఆ దారి తోస్తుంది. జగదల్‌పూర్ జాబితాలో కూడా ఏకేలు, ఎస్‌ఎల్‌ఆర్‌లు, త్రీనాట్‌త్రీలు ఏదో ఒక సర్కారీ కర్మాగారంలో పుట్టినవే. అడవిలో సొంతంగా చేసుకున్నవి బీజీఎల్‌ల వంటివి. బస్తర్‌లో కొయ్య తుపాకులు కూడా ఉండేవి. మనిషి బొమ్మకు కర్ర తుపాకీ తగిలించి చెట్టుచాటున నిలబెట్టి, దగ్గరకొచ్చే బలగాల కోసం కింద మందుపాతర పెట్టేవారు. బొమ్మ తుపాకీ ప్రాణం తియ్యగలిగిన సందర్భం ఈ వ్యాసం మొత్తంలో అదొక్కటే. అక్కడ కూడా చంపేది బొమ్మ కాదు.

ఇక మన ఊహల సంగతి. తెలుగువాడికి ఆయుధ కల్పన నేర్పడానికి ఏ ‘డూమ్’ రానక్కర్లేదు. ఆగ్నేయాస్త్రం, వారుణాస్త్రం, నాగాస్త్రం మనకు ఉగ్గుపాలతో వచ్చినవే. హైదరాబాద్ కంచన్‌బాగ్‌లో రూపుదిద్దుకున్న క్షిపణులకు అగ్ని, నాగ్, త్రిశూల్ అని పేర్లు పెట్టింది ఆ అలవాటే. అవన్నీ పురాణకాలంలో నిజంగానే ఉండేవనే వాదన నాకు పట్టదు. ఫిరంగి గొట్టం ఒక్కటైనా తవ్వకాల్లో దొరకాలి కదా. కానీ పురాణకర్తలు ఒక విషయంలో ఈనాటి ఆటల రచయితలకంటే ముందున్నారు. అస్త్రానికి ప్రయోగంతోపాటు ఉపసంహారం కూడా తెలియాలన్నారు. అర్జునుడు బ్రహ్మాస్త్రాన్ని వెనక్కి తీసుకోగలిగాడు, అశ్వత్థామ తీసుకోలేకపోయాడు, ఆ దెబ్బ ఉత్తర గర్భం మీద పడింది. ఆటలో ఆయుధానికి అలాంటి షరతులు లేవు. తూటాలు అయిపోతే ఇంకో పెట్టె దొరుకుతుంది.

ఊహల బజారులో మన దగ్గర బాగా అమ్ముడైన సరుకు ‘కాళి’. భాభా అణు పరిశోధన కేంద్రంలో 1980ల నుంచి ఉన్న ఎలక్ట్రాన్ యాక్సిలరేటర్ అది. కిలో యాంపియర్ లీనియర్ ఇంజెక్టర్ అనే పేరులోని మొదటి అక్షరాలు కలిపితే కాళి అయింది. అంతే, జనం నోట అది శత్రు క్షిపణులను ఆకాశంలోనే మాడ్చేసే రహస్యాస్త్రమైంది. సియాచిన్ ప్రాంతంలో 2012లో మంచుచరియ విరిగి పాకిస్తాన్ సైనికులు చనిపోతే, అదీ కాళి పనేనని పుకారు నడిచింది. ఆ యంత్రం పేరు మరేదైనా అయ్యుంటే ఇంత కథ పుట్టేది కాదనుకుంటాను.

అసలు మార్పు పుకారు లేని చోట జరిగింది. 2025 ఏప్రిల్ 13న కర్నూలు జిల్లా ఓర్వకల్లు మండలంలోని డీఆర్‌డీవో ప్రయోగ క్షేత్రంలో, వాహనం మీద అమర్చిన లేజర్ ఆయుధంతో స్థిర రెక్కల డ్రోన్‌ను కాల్చి కూల్చారు. ఒకేసారి వచ్చే డ్రోన్ల గుంపును అడ్డుకోవడం, నిఘా సెన్సర్లను పాడుచెయ్యడం కూడా చూపించారు. ఎంకే-2(ఏ) అనే ఆ ఆయుధం శక్తి 30 కిలోవాట్లు. తయారీకి నాయకత్వం వహించింది హైదరాబాద్‌లోని ‘చెస్’ అనే ప్రయోగశాల. తనకు తెలిసినంతలో ఈ పని చెయ్యగలమని అప్పటికి చూపించిన దేశాలు అమెరికా, రష్యా, చైనా అని డీఆర్‌డీవో అధిపతి సమీర్ కామత్ అన్నారు. ఆ సందర్భంలో ఆయన ‘స్టార్ వార్స్’ పేరే ఎత్తారు.

ఆ పోలిక రావడం సహజం. వేడి కిరణంతో సైన్యాలను మాడ్చే గ్రహాంతరవాసులను హెచ్.జి. వెల్స్ 1898లోనే రాశాడు. థియడోర్ మైమన్ మొదటి లేజర్ వెలిగించింది 1960లో. 1978లో ‘స్పేస్ ఇన్వేడర్స్’, ఆ తర్వాత వందల ఆటలు పిల్లలకు నేర్పిన దృశ్యం ఒకటే: రంగు గీత, చుయ్‌మనే చప్పుడు, అవతల పేలుడు. 1980 నాటి ‘మిసైల్ కమాండ్’ అయితే ఆకాశంలోంచి వచ్చేవాటిని నేల మీంచి కూల్చడమే ఆటగా పెట్టుకుంది. ఓర్వకల్లులో చేసిందీ అదే పని.

అయితే ఆ రంగు గీత అక్కడ లేదు. డ్రోన్లను కాల్చే ఇలాంటి లేజర్లు కంటికి కనబడని పరారుణ కాంతితో పనిచేస్తాయి. చప్పుడూ ఉండదు. ఎగురుతున్న డ్రోన్ ఉన్నట్టుండి ఒకచోట కమిలి, పొగచిమ్మి, రెక్క ఒరిగి కిందకు వస్తుంది. ఆటలో మాదిరి తగిలీ తగలగానే కూలదు. కొన్ని సెకన్లపాటు ఒకే చుక్క మీద కిరణాన్ని కదలకుండా నిలపాలి. అవతల ఎగిరేది కదులుతూనే ఉంటుంది. అందుకే ఈ ఆయుధంలో కిరణం ఎంత ముఖ్యమో, రాడార్, కెమెరాలతో గురి కట్టే ఏర్పాటూ అంతే ముఖ్యం.

30 కిలోవాట్లంటే 40 హార్స్‌పవర్, మన పొలాల్లో తిరిగే మోస్తరు ట్రాక్టర్ ఇంజిన్ శక్తి. దాన్నంతా చిన్న చుక్క మీదికి కుదిస్తే రెక్క నిలవదు. కానీ ఈ తరహా లేజర్లలో వాడిన విద్యుత్తులో మూడోవంతో, కాస్త ఎక్కువో కాంతిగా మారుతుంది. మిగతాది వేడి. ఆ వేడిని తీసెయ్యడానికి చల్లబరిచే యంత్రాలు, కరెంటుకు జనరేటర్లు, అన్నిటినీ మొయ్యడానికి లారీ. పిస్టల్ సైజు కిరణ తుపాకీ కథల్లోనే ఉండిపోవడానికి కారణం ఈ వేడే. వాన, పొగమంచు, దుమ్ము కూడా దీనికి పడవు.

మరి ఇంత కష్టం ఎందుకంటే లెక్క వేరే ఉంది. దీన్ని కొన్ని సెకన్లు పేల్చడానికయ్యే ఖర్చు రెండు లీటర్ల పెట్రోలు ధరతో సమానమని ఆ రోజు ప్రభుత్వ ప్రకటనలోనే రాశారు. చవక డ్రోన్ మీదికి ఖరీదైన క్షిపణి వదిలితే, గురి తప్పకపోయినా ఖజానా ఓడిపోతుంది. ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక సైన్యాలన్నింటినీ పీడిస్తున్న లెక్క ఇదే. లేజర్‌ను కథల్లోంచి బయటకు లాగింది సాహసం కాదు, ఈ పద్దు.

నాలుగు నెలలకు, ఆగస్టు 23న, ఒడిశా తీరంలో లేజర్ ఆయుధానికి మరో పరీక్ష పెట్టారు. ఈసారి లేజర్ ఒంటరిగా లేదు. దూరానికి క్యూఆర్‌శామ్ క్షిపణి, దగ్గరకు భుజం మీంచి వదిలే తరహా చిన్న క్షిపణి, వాటితో కలిపి లేజర్. హైదరాబాద్‌లోని డీఆర్‌డీఎల్ రూపొందించిన ఒకే కేంద్రం నుంచి మూడింటినీ నడిపారు. వేర్వేరు ఎత్తుల్లో, దూరాల్లో వచ్చిన మూడు లక్ష్యాలనూ ఒకేసారి కూల్చారు. వాటిలో రెండు వేగంగా దూసుకొచ్చే స్థిర రెక్కల మానవరహిత విమానాలు, మూడోది పెళ్లిళ్లలో వీడియో తీసే జాతికి చెందిన మల్టీకాప్టర్ డ్రోన్.